పరదేశంలో మొదటి ఆదివారం

ఆగస్టు, సెప్టెంబరు నెలలు వచ్చాయంటే మన సంఘాల్లో పై చదువులకు విదేశాలు వెళ్లే పిల్లల కోసం ప్రత్యేక ప్రార్థనలు మొదలవుతాయి. ఆరాధన చివర వారిని ముందుకు పిలిచి, తలపై చేతులుంచి ప్రార్థించి పంపుతాం. వీసా, ఫీజు, వసతి, ఉద్యోగం మన ప్రార్థనాంశాలు. ఆ మహానగరంలో వారు ఆదివారం ఎవరి పక్కన కూర్చుంటారో మాత్రం మనం అడగం. ఆ ప్రశ్న ఎంత పెద్దదో చూపే జీవితం ఒకటుంది.

1930 సెప్టెంబరులో జర్మనీ నుండి ఒక యువకుడు ఓడలో న్యూయార్క్ చేరాడు. ఆయన పేరు డీట్రిక్ బోన్‌హోఫర్. వయసు 24. బెర్లిన్‌లో పేరుపొందిన వైద్యుని కుమారుడు. 21 ఏళ్లకే వేదాంతశాస్త్రంలో డాక్టరేట్ పొందినవాడు. పాస్టరుగా అభిషేకం పొందడానికి 25 ఏళ్లు నిండాలి గనుక, ఈలోగా యూనియన్ థియొలాజికల్ సెమినరీలో ఒక సంవత్సరం చదవడానికి ఫెలోషిప్‌పై వచ్చాడు.

మొదటి వారాలు ఆయనకు నిరాశనే మిగిల్చాయి. బెర్లిన్ చదువుతో పోలిస్తే అక్కడి తరగతులు తేలికగా తోచాయి. పేరుమోసిన చర్చిలకు వెళ్లాడు. మందిరాలు గొప్పవి, ప్రసంగీకులు ప్రసిద్ధులు. కానీ పాపం, క్షమాపణ, సిలువ గురించి మాట వినబడడమే కష్టమైంది. తనకు నేర్పేవారు ఇక్కడ ఎవరూ లేరని అనుకోవడానికి ఆ యువ పండితునికి కావలసినన్ని కారణాలు దొరికాయి. సెమినరీ చదువు చదివినవారికి ఈ శోధన ఎలాంటిదో మాకు తెలుసు. ప్రసంగం వింటూనే మార్కులు వేస్తుంటాం.

అటువంటి సమయంలో ఆయనకు ఒక స్నేహితుడు దొరికాడు. ఫ్రాంక్ ఫిషర్ అనే నల్లజాతి సహ విద్యార్థి. అలబామా రాష్ట్రం నుండి వచ్చినవాడు. సెమినరీకి దగ్గరలోనే నల్లజాతివారు నివసించే హార్లెం ప్రాంతం ఉంది. ఫిషర్ ఆయనను అక్కడి అబిస్సీనియన్ బాప్టిస్టు చర్చికి తీసుకెళ్లాడు. ఆడమ్ క్లేటన్ పావెల్ అక్కడ కాపరి. 1929లో మొదలైన ఆర్థిక సంక్షోభం పనులను మింగేస్తున్న రోజులవి. అవమానం, ఆకలి ఎరిగిన ఆ సంఘంలో బోన్‌హోఫర్ తాను వెదికిన సువార్త విన్నాడు. పాపుల రక్షకుడైన యేసును అక్కడ మనసారా ప్రకటించారు, మనసారా పాడారు.

ఒక్కసారి చూసి వెళ్లిపోలేదు. నెలల తరబడి వెళ్లాడు. ఫిషర్‌తో కలిసి సండే స్కూల్ పిల్లలకు బోధించాడు, వారి ఇళ్లలో అడుగుపెట్టాడు. ఒకసారి హోటల్లో ఫిషర్‌కు ఇతరులతో సమానంగా వడ్డించరని తెలియగానే లేచి బయటకు వచ్చేశాడు. 1931లో స్వదేశం వెళ్తూ నల్లజాతి విశ్వాసుల పాటల గ్రామఫోన్ రికార్డులు వెంట తీసుకెళ్లాడు.

రెండేళ్లకు హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. యూదు వంశంలో పుట్టిన క్రైస్తవులను సంఘ పరిచర్య నుండి తొలగించాలనే ఒత్తిడి జర్మనీ సంఘంలోనే పుట్టింది. చాలామంది పెద్దలు మౌనం వహించారు. బోన్‌హోఫర్ 1933లోనే దాన్ని ఎదిరించి రాశాడు. తరువాత ఫింకెన్‌వాల్డేలో కాపరులకు శిక్షణ ఇస్తూ, హార్లెం నుండి తెచ్చిన రికార్డులు వారికి వినిపించాడు.

1939 జూన్‌లో స్నేహితులు ఆయన ప్రాణం కాపాడాలని మళ్లీ న్యూయార్క్ రప్పించారు. ఈసారి అక్కడ ఆయన మనసు నిలవలేదు. తన ప్రజల శ్రమలో పాలు పొందకుండా, రేపు వారిని తిరిగి కట్టే పనిలో తనకు హక్కు ఉండదని తలచి, నెల తిరగకముందే ఓడ ఎక్కాడు. 1943 ఏప్రిల్‌లో అరెస్టయ్యాడు. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బర్గ్ శిబిరంలో ఆయనను ఉరితీశారు. అప్పటికి ఆయనకు 39 ఏళ్లు. తాను నిజంగా మారిన సందర్భాలు చాలా తక్కువని, విదేశాల్లో పొందిన తొలి అనుభవాలు వాటిలో ఒకటని చెరసాల నుండి స్నేహితునికి రాశాడు.

ప్రియులారా, విదేశాల్లో మన పిల్లలకు తెలుగు సహవాసం దొరకడం దేవుని కృపే. బెంగగా ఉన్నప్పుడు సొంత భాషలో ప్రార్థన ఎంత ఆదరణో మనకు తెలుసు. దాన్ని విడువవద్దు. అయితే తమకంటే తక్కువగా ఎంచబడేవారి మధ్య కూడా ఒక ఆదివారం కూర్చోమని వారికి చెబుదాం. బోధించడానికి ముందు వినమని చెబుదాం.

అలా చెప్పే అర్హత మనకుందా? పట్నంలోని పెద్ద చర్చి సభ్యుల్లో ఎందరం పేటలోని చిన్న మందిరంలో చాపపై కూర్చుని వాక్యం విన్నాం? ప్రసంగించడానికి పిలిస్తే వెళ్లాం, వినడానికి వెళ్లలేదు. ఈ మాట మొదట మాకే తగులుతుంది. హార్లెం చేరాలంటే ఆయన సముద్రం దాటవలసి వచ్చింది. మనం దాటవలసింది చాలాసార్లు ఒక వీధే. రాబోయే ఆదివారం ఆ వీధి దాటే మనసు ప్రభువు మనకు అనుగ్రహించును గాక.