దినమునకొక దశకము – మేల్పత్తూర్ నారాయణ భట్టతిరి

భగవత్సేవ చేయవలెనన్న కోరిక నిండుగా ఉండియు, శరీరము సహకరింపకపోవుట మిక్కిలి కఠినమైన దుఃఖము. నిన్న చేసిన పని నేడు చేయలేరు. నేడు పట్టుబట్టి చేసినచో రేపు మంచము దిగలేరు. ఇట్టి స్థితిలో ఉండియే ఒక మహాస్తోత్రమును సంపూర్ణము గావించిన భక్తకవి మేల్పత్తూర్ నారాయణ భట్టతిరి.

కేరళదేశమున భారతపుళ నదీతీరమందలి తిరునావాయ క్షేత్రమునకు సమీపమున 1560 ప్రాంతమున వారు జన్మించినారు. తండ్రి మాతృదత్తులు పండితులు. మీమాంసాశాస్త్రమును తండ్రి వద్దనే అభ్యసించినారు. వ్యాకరణమును తృక్కండియూర్ అచ్యుత పిషారటి వద్ద నేర్చినారు. ఆ గురువు వ్యాకరణమునందే కాక జ్యోతిర్గణితమునందును ఘనులు. చిన్న వయస్సుననే శాస్త్రములు కరతలామలకములైన శిష్యునకు ముందు ఎంతో ఉజ్జ్వలమైన జీవితము కనబడుచుండెను.

అంతలో వాతరోగము పైబడినది. గురువును పీడించుచున్న వ్యాధిని గురుదక్షిణగా శిష్యుడే తనపైకి తీసికొనెనని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. కాలుసేతులు స్వాధీనము తప్పినవి. ఇరువదియైదేండ్లు దాటిన వయస్సున, ఇతరుల సాయము లేక కదలలేని దశ ప్రాప్తించినది. శాస్త్రములన్నియు కంఠస్థములై ఉన్నవి కాని, వాటిని వినియోగించుటకు దేహమున శక్తి లేదు.

ఉపాయము తెలిసికొని రమ్మని వారు తుంజత్తు ఎళుత్తచ్ఛన్ అను మహాకవి వద్దకు మనిషిని పంపగా, చేపతో మొదలుపెట్టవలెనని సమాధానము వచ్చినదట. శాకాహారియైన బ్రాహ్మణునకు ఇదేమి సలహా యని ఆ మనిషి కలత చెందెను. భట్టతిరికి మాత్రము వెంటనే అర్థమైనది. మత్స్యావతారము మొదలుకొని భగవంతుని లీలలను కీర్తింపుమని దాని భావము. వారు గురువాయూర్ చేరి, స్వామి సన్నిధిని ఆశ్రయించినారు. వాతపీడితులు ఆ సన్నిధిలో భజనముండుట, అభిషేక తైలమును ఔషధముగా సేవించుట అచటి ఆచారము.

భాగవతము పదునెనిమిది వేల శ్లోకముల గ్రంథమని ప్రసిద్ధి. మంచము పట్టిన మనిషికి అది సముద్రము వంటిది. భట్టతిరి దానిని ఒక్కసారిగా ఈదుటకు పూనుకొనలేదు. దినమునకొక దశకము, అనగా పది శ్లోకములు, స్వామికి సమర్పించుటకు నియమము చేసికొన్నారని ప్రసిద్ధి. కొన్ని దశకములలో శ్లోకముల సంఖ్య హెచ్చుతగ్గులైనను దినమునకొక దశకమను కొలత మాత్రము మారలేదు. ఉత్సాహము కలిగినదని రేపటి శక్తిని నేడే వ్యయము చేయలేదు, నీరసము కలిగినదని నేటి కైంకర్యమును రేపటికి దాచనూ లేదు. భాగవత క్రమముననే సాగుటచే, సలహాలో మొదటిదైన మత్స్యావతారము వారికి ముప్పదిరెండవ దశకమున గాని రాలేదు. అంతవరకు తొందరపడక నడచినారు.

ఆ శ్లోకములలో వారు తమ బాధను దాచుకొనలేదు. ఆధివ్యాధులచే తీవ్రముగా చలించిన తన హృదయమున స్వామి దివ్యరూపము ఉదయింపవలెనని మూడవ దశకముననే ప్రార్థించినారు. దేహపీడయే కాదు, మనఃపీడయు ఉన్నదని ఒప్పుకొన్నారు. దాదాపు ప్రతి దశకమును రోగనివృత్తికై గురువాయూరప్పకు చేసిన విన్నపముతో ముగియును. నిన్నటి విన్నపము ఫలింపలేదని నేటి స్తుతి ఆగలేదు. ఇదియే వారి శరణాగతి.

ఇట్లు నూరు దశకములు, 1036 శ్లోకములు పూర్తియైనవి. నూరవ దశకమున స్వామి దివ్యమంగళ విగ్రహమును శిరస్సు మొదలుకొని పాదముల వరకు దర్శించి వర్ణించినారు. ఆయువు, ఆరోగ్యము, సౌఖ్యము కోరుచు గ్రంథము ముగియును. ఆ తుదిమాటలను కటపయాది సంఖ్యాక్రమమున లెక్కించినచో 1712210 అను కలిదిన సంఖ్య వచ్చును. అది కొల్లం శకము 762 వృశ్చికమాసము 28వ దినము, అనగా 1586వ సంవత్సరాంతము. ఆనాటికి వ్యాధి తొలగి వారు ఆరోగ్యవంతులైరని భక్తుల విశ్వాసము. నేటికిని గురువాయూర్‌లో ఆ దినమును నారాయణీయ దినముగా జరుపుదురు.

తరువాత వారు దీర్ఘకాలము జీవించినారు. అంబలప్పుళ ప్రభువైన దేవనారాయణుని కోరికపై ప్రక్రియాసర్వస్వమను వ్యాకరణ గ్రంథమును రచించినారు. మానమేయోదయమున ప్రమాణభాగము వారిదే. ముప్పదియేండ్లకు పైగా గడచిన పిదప, గురువు పరమపదించినప్పుడు ఆ దినమును సంఖ్యగా పొదిగి ఒక శ్లోకము చెప్పినారు. మంచమున పడి, అంతా ముగిసినదనుకొనదగిన యువకుడు ఇన్ని కైంకర్యములు చేయగలిగినాడు.

మన ఇండ్లలోను దీర్ఘవ్యాధితో ఉన్నవారు, మనసు కుంగినవారు ఉందురు. పూర్వమువలె పూజ చేయలేకపోతిమని, పారాయణము తప్పినదని వారు కుములుదురు. వైద్యము విడువనవసరము లేదు, పూర్వపు కొలతతో తమ్ము కొలుచుకొననవసరమును లేదు. ఉన్న శక్తిలో నిలుపుకొనగల కొద్దిపాటి నియమమే చాలును. పది శ్లోకములు కాకున్న ఒకటి, అదియు కాకున్న ఒక్క నామము. ఇంటివారును వారిని తొందరపెట్టక, ఆ కొంచెమును నిండుసేవగా గౌరవింపవలెను. నూరు చిన్న దినములే నారాయణీయమైనవి.

గురువాయూరప్ప అందరికిని ఆయురారోగ్యములను ప్రసాదించుగాక.