ఇరుసుల అలసట నెరిగిన ఆగుస్ట్ వోలర్

భివండి రోడ్ స్టేషనులో గూడ్సుబండి నిలిచినప్పుడు మన పిల్లలు పెట్టెలను లెక్కింతురు గాని, వాని క్రింద రెండు చక్రములను కలుపు ఇరుసువంక చూచువారరుదు. బరువంతయు దానిమీదనే. బట్టల బేళ్లతో ఘాటు నెక్కు లారీకిని ఆధార మదియే. ఎట్టి ఇరుసు విరుగదో తెలిసికొనుటకై ఏండ్ల తరబడి శ్రమించిన జర్మను ఇంజనీరు ఆగుస్ట్ వోలర్.

ఆయన 1819 జూన్ 22న సోల్టావు పట్టణమున జన్మించెను. హానోవరులో చదివి, బెర్లినులోని బోర్సిగ్ కర్మాగారమున రైలింజనుల పని నేర్చెను.

1842 మే 8న ఫ్రాన్సులో వెర్సైల్సునుండి పారిసునకు పోవు రైలింజను ఇరుసు విరిగెను. పెట్టెలు ఒకదానిపై నొకటి పడి అంటుకొనగా ఏబదిమందికి పైగా మరణించిరి. మోయగల బరువునే మోయుచున్న ఇనుము ఏల విరిగెను? కుదుపులకు ఇనుము స్ఫటికముగా మారునని అప్పటి పెక్కుమంది తలంపు.

1847లో వోలరు ఒక ప్రష్యా రైల్వేలో బండ్ల విభాగమునకు అధికారి యయ్యెను. ఓడర్ నదిమీది ఫ్రాంక్‌ఫర్టులో ఆ రైల్వే కర్మశాల యుండెను. పరుగిడు బండి ఇరుసు ఎంత వంగుచున్నదో మొదట కొలిచెను. బరువు క్రింద ఇరుసు కొంచెము వంగును. ఒక ప్రక్క సాగును, ఎదుటి ప్రక్క నొక్కుకొనును. అరచుట్టు తిరుగగానే సాగిన ప్రక్కయే నొక్కబడును. తీగను అటునిటు వంచుచున్నచో తెగుట యిట్టిదే. సాంచలు నడుపు తల్లిదండ్రుల కిది క్రొత్త మాట కాదు. ఏండ్లు తిరిగిన షాఫ్టు ఒకనాటి రాత్రి అదనపు భారమేమియు లేకయే తెగుట వారు చూచియే యుందురు.

ఆయన చేసిన యంత్రమున కడ్డీ కొనకు బరువు కట్టి త్రిప్పుచుందురు. కొన్ని కడ్డీలు కోట్లమార్లు తిరిగెను. ఈ ఫలితములను 1858 మొదలు 1870 వరకు విడతలుగా ప్రకటించెను. ఒకే ప్రశ్నను అన్నియేండ్లు పట్టుకొని కూర్చుండుట సామాన్యమా! ఒక్కసారి పడు పెద్ద భారముకంటె, మాటిమాటికి మారు భారముల నడిమి అంతరమే లోహమును ఎక్కువగా అలయించునని తేలెను. ఆ అంతరము ఒక హద్దునకు లోబడినచో, ఎంత తిరిగినను ఇరుసు విరుగలేదు. లావు భాగము సన్నబడుచోట మూల పదునుగా నున్నచో పగులు అచ్చటనే పుట్టును. అచ్చట గుండ్రని వంపు నీయవలెను.

లారీకి గట్టి ఇరుసు మార్పింపదలచువారు తరచుగా లావు మాత్రమే చూతురు. అది పొరపాటు. సన్నబడుచోటును, గతుకుల దారిలో దానిపై పడు కుదుపును ముందు చూడవలెను. నేటి పెద్ద లారీల వెనుక ఇరుసులో పైగొట్టము బరువును మోయును. లోపలి కడ్డీ చక్రమును త్రిప్పును మాత్రమే. వంగు బాధ దానికి తప్పినది.

1867 పారిసు ప్రదర్శనమున వోలరు పరీక్షలు ప్రదర్శితములయ్యెను. 1874లో స్ట్రాస్‌బర్గు రైల్వేలో చేరి, 1889లో విశ్రాంతి గైకొని, 1914 మార్చి 21న హానోవరులో మరణించెను. తన ఫలితములను ఆయన పట్టికలుగానే వ్రాసెను. వానిని గీతగా గీసినవారు తరువాతివారు. ఆ గీతకు ఆయన పేరే పెట్టిరి.