రెండు షిల్లింగుల గదిలో డేవిడ్ లివింగ్‌స్టన్

ధ్యానభాగము: ఆదికాండము 28:10–22



యాకోబు తండ్రి యిల్లు విడిచి హారానుకు బయలుదేరిన దినమున అతనికి చేతికఱ్ఱ తప్ప మరేమియు లేకుండెను. ప్రొద్దు గ్రుంకిన చోట ఎరిగినవారి యిల్లు లేదు. రాయి తలక్రింద పెట్టుకొని పండుకొనెను. అయినను దేవుడు అక్కడనే అతనికి ప్రత్యక్షమాయెను. చదువు నిమిత్తము పెట్టె నెత్తిన పెట్టుకొని పట్టణమునకు పోవు మన పల్లె బిడ్డలను చూచినప్పుడెల్ల ఈ భాగము జ్ఞాపకము వచ్చుచుండును. డేవిడ్ లివింగ్‌స్టన్‌గారు ఆఫ్రికాలో చేసిన వేలకొలది మైళ్ల ప్రయాణములు అనేకులకు తెలియును. వాటన్నిటికి ముందు, వైద్యవిద్య కొరకు ఆయన కాలినడకను చేసిన 8 మైళ్ల ప్రయాణమును ఎరిగినవారు కొద్దిమందియే. ఈ నెల దానినే ధ్యానింతము.

1813 మార్చి 19న స్కాట్లండు దేశమందలి బ్లాంటైర్ గ్రామములో, నూలు మిల్లు కూలీలు కాపురముండు కట్టడమందు, ఒకే గది గల యింటిలో డేవిడ్ జన్మించెను. తండ్రి నీల్ తేయాకు అమ్ముకొని జీవించుచు, ఆదివారపు బడిలో బోధించెడివాడు. ఇంటి యిబ్బందివలన డేవిడ్ 10వ యేటనే మిల్లులో చేరెను. యంత్రముల నడుమ తిరుగుచు తెగిన దారములను అతుకుట అతని పని. ఉదయము 6 గంటలనుండి రాత్రి 8 గంటలవరకు మిల్లు, పిమ్మట 10 గంటలవరకు రాత్రిబడి. మొదటి వారపు కూలిలో కొంత పెట్టి అతడు లాటిను వ్యాకరణము కొనెను. పుస్తకమును యంత్రముమీద ఆనించి, అటు ఇటు పోవునప్పుడు ఒక్కొక్క వాక్యము చదువుకొనెడివాడు.

తండ్రికి ఒక భయముండెను. శాస్త్ర గ్రంథములు భక్తిని చెరుపునని ఆయన తలంచెను. కుమారుడు భక్తి పుస్తకములే చదువవలెనని ఆయన కోరిక. డేవిడ్‌కు మొక్కలు, రాళ్లు, దూరదేశములను గూర్చిన పుస్తకములు ఇష్టము. ఈ విషయమై యింటిలో దెబ్బలు కూడ పడినవి. థామస్ డిక్ అను గ్రంథకర్త పుస్తకము చదివిన మీదట, శాస్త్రమునకును విశ్వాసమునకును వైరము లేదని డేవిడ్ మనస్సు నెమ్మది పొందెను. తరువాత చీనా దేశమునకు వైద్యులైన మిషనరీలు కావలెనని గుట్‌స్లాఫ్ అను జర్మను మిషనరీ చేసిన విజ్ఞప్తి అతని చేతికి వచ్చెను. కుమారుని వైద్యవిద్య దేవుని సేవకొరకేయని తెలిసినప్పుడు తండ్రి అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పకుండుటయే కాదు, తానును వెంట నడిచెను.

1836 సంవత్సరపు శీతకాలము. మంచు కురియుచున్న ఒక దినమున తండ్రి కుమారులు గ్లాస్గో పట్టణమునకు నడిచి వెళ్లిరి. అద్దె గదులుండు ఇండ్ల పేర్లు వ్రాసి ఒక స్నేహితుడు ఇచ్చిన పట్టీ వారియొద్ద నుండెను. ఆ పట్టీ పట్టుకొని దినమంతయు వీధి వీధి తిరిగిరి. చూచిన గదులెల్ల వారి శక్తికి మించినవే. తుదకు రాటన్‌రో అను వీధిలో వారమునకు 2 షిల్లింగుల గది దొరికెను. మరునాడు డేవిడ్ ఆండర్సన్ విద్యాలయములో చేరెను. నేటి స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయము దానినుండి పెరిగినదే. ఫీజు 12 పౌండ్లు. పౌండుకు 20 షిల్లింగులు గనుక, అది 120 వారముల గది అద్దెతో సమానము! ఈ సొమ్ము వేసవియంతయు మిల్లులో నూలు వడికి అతడు కూడబెట్టినది.

తండ్రి తిరిగి వెళ్లిపోయిన తరువాత ఆ గదిలో అతనికి మిక్కిలి ఒంటరితనము కలిగెను. అప్పటికి 23 సంవత్సరముల వాడు, పదమూడేండ్లు మిల్లులో కష్టపడినవాడు. అయినను ఇల్లు విడిచిన మొదటి రాత్రి ఎవరికైనను కష్టమే. దానికి తోడు, ఇంటి యజమానురాలు అతని డబ్బాలోని తేయాకును, చక్కెరను తీసికొనుచున్నట్లు కొన్నాళ్లకు తెలిసెను. డేవిడ్ ఆ గది విడిచి, హైస్ట్రీటులో వారమునకు రెండున్నర షిల్లింగుల గదికి మారెను. అర షిల్లింగు ఎక్కువైనను అక్కడ నెమ్మదిగా చదువుకొనగలిగెను.

పగలు వైద్యము, రసాయనశాస్త్రము. అవిగాక విశ్వవిద్యాలయములో గ్రీకు, వార్డ్‌లా పండితునియొద్ద దైవశాస్త్రము. రసాయనశాస్త్రాచార్యునికి సహాయకుడైన జేమ్స్ యంగ్ అనువాడు తన గదిలో వడ్రంగి బల్లను, లేతు యంత్రమును ఉంచుకొనియుండెను. అక్కడ డేవిడ్ పనిముట్లు పట్టుట నేర్చుకొనెను. ఆ చేతిపని తరువాత ఆఫ్రికాలో ఇల్లు కట్టుటకును, బండి బాగుచేయుటకును పనికివచ్చెను. వడ్రంగి కుమారుడైన ఆ యంగ్ నూనె వ్యాపారములో ధనవంతుడై, లివింగ్‌స్టన్‌గారి కడపటి ప్రయాణమునకు ద్రవ్యసహాయము చేసెను.

ఏప్రిల్ నెలలో మొదటి సంవత్సరపు పాఠములు ముగియగానే డేవిడ్ మరల మిల్లులో చేరెను. పట్టణములో చదివివచ్చితినని సిగ్గుపడలేదు. రెండవ సంవత్సరమునకు సొమ్ము చాలనప్పుడు అన్నగారియొద్ద అప్పు తీసికొనెను.

1838లో లండను మిషనరీ సంఘమువారు అతనిని పరీక్షించుటకు పిలిచిరి. అభ్యాసకాలములో ఒక ఆదివారము ప్రసంగించుటకు నిలువబడి, మూలవాక్యము చదివి, తక్కినదంతయు మరచిపోయి, ఆ మాటయే చెప్పి గుడినుండి వెళ్లిపోయెను. అతని శిక్షకుడు కూడ అతనిని గూర్చి మంచి నివేదిక పంపలేదు. సంఘమువారు మరికొంతకాలము గడువిచ్చి, అటుపిమ్మట అంగీకరించిరి. ఇంతలో 1839లో నల్లమందు యుద్ధము వచ్చి చీనాకు ద్వారము మూయబడెను. లండనులో వైద్యము నేర్చుకొనుచున్న దినములలో ఆఫ్రికా మిషనరీయైన రాబర్ట్ మొఫాట్‌గారిని కలిసికొనుటవలన మరియొక ద్వారము తెరువబడెను. 1840 నవంబరులో గ్లాస్గోలో పట్టా పరీక్ష జరిగినప్పుడు, స్టెతస్కోపు ఉపయోగమును గూర్చి పరీక్షకులతో భిన్నాభిప్రాయము చెప్పి, పరీక్షను తానే కఠినము చేసికొనెను. అయినను పట్టా పొందెను.

ఆ రాత్రి ఇంటికి వచ్చి, తండ్రితో అర్ధరాత్రివరకు మాటలాడెను. నవంబరు 17 తెల్లవారుజామున తల్లి కాఫీ కాచి ఇచ్చెను. డేవిడ్ 121, 135 కీర్తనలు చదివి ప్రార్థించెను. పిమ్మట తండ్రి కుమారులు నాలుగేండ్ల క్రిందట గది వెదకుటకు నడిచిన గ్లాస్గో త్రోవనే మరల నడిచిరి. ఓడరేవులో విడిపోయిరి. ఈ లోకమందు వారు మరల కలిసికొనలేదు. 1856 ఫిబ్రవరిలో తండ్రి ప్రభువునందు నిద్రించెను. డేవిడ్ స్వదేశము చేరినది ఆ సంవత్సరము డిసెంబరులో.

తరువాతి చరిత్ర మీకు తెలిసినదే. 1805లో మన విశాఖపట్టణమునకు మిషనరీలను పంపిన సంఘమే 1840లో ఆయనను ఆఫ్రికాకు పంపెను. బానిసల వర్తకమును గూర్చి ఆయన కన్నులార చూచి వ్రాసినది లోకమును కదిలించెను. ఆయన లోపము లేనివాడు కాడు; సంవత్సరముల తరబడి భార్యాబిడ్డలకు దూరముగా నుండుటవలన వారు మిగుల బాధపడిరి. 1873లో నేటి జాంబియా దేశమందలి ఒక గ్రామములో, పడకయొద్ద మోకాళ్లూని యుండగా మరణించెను. సూసీ, చూమా మొదలగు నమ్మకమైన ఆఫ్రికా సహచరులు ఆయన దేహమును సముద్రతీరమువరకు మోసికొనివచ్చిరి.

ప్రియులారా, యాకోబు చూచిన నిచ్చెనకు మెట్లుండినట్లే, దేవుడు ఈ యౌవనునికి కూడ మెట్లు ఏర్పరచెను. అవి గొప్పవి కావు. మంచులో తోడు నడిచిన తండ్రి ఒక మెట్టు. ఇండ్ల పేర్లు వ్రాసియిచ్చిన స్నేహితుడు ఒక మెట్టు. అప్పిచ్చిన అన్న ఒక మెట్టు. పనిముట్లు చేతికిచ్చిన తోటివాడు మరియొక మెట్టు. పట్టీ వ్రాసిన ఆ స్నేహితుడు తాను ఎంత పని చేసెనో ఎరిగియుండడు.

ఈ యేడు మన సంఘములనుండి నర్సింగునకు, ఇంజనీరింగునకు, వైద్యమునకు హైదరాబాదు, విశాఖపట్టణము, గుంటూరు పోవు బిడ్డలున్నారు. పట్టణము వారి విశ్వాసమును మ్రింగివేయునని భయపడి యింట కూర్చుండుట సులభము. నీల్ లివింగ్‌స్టన్‌కును ఆ భయముండెను. అయినను లేచి నడిచెను. మనమును లేచెదము. ఆ పట్టణములోని విశ్వాసుల ఇండ్ల పేర్లు వ్రాసి వారి చేతికిచ్చెదము. వెళ్లిన మొదటి వారములోనే ఒకమారు పోయి చూచివత్తము. గది మంచిది కానియెడల మార్చుకొనుటకు సహాయపడుదము. సెలవులకు వచ్చి పొలములో పనిచేయు బిడ్డను చూచి నవ్వక, గౌరవింతము.

ప్రార్థన: బేతేలు దేవా, పరస్థలములో తల వాల్చు మా బిడ్డలకు తోడైయుండుము. వారి త్రోవలో ఒక చిన్న మెట్టుగా మమ్మును వాడుకొనుము. ఆమేన్.