పక్కపక్క పొలాలు చెప్పే లెక్క: పి.సి. మహలనోబిస్



జూన్ 29న మన దేశంలో గణాంక దినోత్సవం ఎందుకు జరుపుతారో మీ పిల్లల్ని అడిగి చూడండి. ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1893లో ఆ రోజే కలకత్తాలో పుట్టారు. ఫిజిక్స్ చదవడానికి కేంబ్రిడ్జ్ వెళ్లారు. అక్కడ గణిత మేధావి రామానుజన్‌తో స్నేహం కుదిరింది. తిరిగొచ్చే ముందు ట్యూటర్ చూపించిన బయోమెట్రికా పత్రిక సంపుటాలు కొని, ఓడలోనే చదవడం మొదలుపెట్టారు. అలా ఫిజిక్స్ మాస్టారి మనసు స్టాటిస్టిక్స్ మీదికి మళ్లింది. 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించారు. అప్పటి బళ్లారి జిల్లా హడగలిలో పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన సి.ఆర్. రావు 1941లో అక్కడికే చేరారు.

1937 నుంచి మహలనోబిస్ బెంగాల్‌లో జనపనార పంట లెక్క చేపట్టారు. ప్రతి పొలం చూడలేం. కొన్నే చూసి మొత్తం చెప్పాలి. మరి ఏవి చూడాలి?

మన విడపనకల్లులో ఒకే నల్లరేగడిలో ఆనుకుని ఉన్న పది పప్పుశనగ పొలాలు చూశామనుకోండి. నేల ఒకటే, వాన ఒకటే. పది చూసినా పది సాక్ష్యాలు రావు. జిల్లాలో ఎర్రనేలల వేరుశనగ సంగతి అసలే తెలియదు. అందుకే పెద్ద ముక్కలు కొన్ని చూడడం కంటే, చిన్న ముక్కలు ఎక్కువగా, దూరదూరంగా చూడడం మేలని ఆయన తేల్చారు. తిరిగే ఖర్చునూ లెక్కలో కలిపారు. పనివాళ్ల పొరపాట్లు పట్టుకోవడానికి విడివిడి బృందాలను పంపి, రెండు లెక్కలూ పోల్చేవారు. పంట అంచనా తప్పితే నష్టపోయేది రైతే కదా!

పక్కపక్క అంకెలు నిజంగానే ఒకలా ఉన్నాయా, లేక మనకలా అనిపిస్తోందా? దీన్ని పరీక్షించే పద్ధతిని 1950లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త మోరాన్ ఇచ్చారు. అదే ఏడాది మహలనోబిస్ చొరవతో మన నేషనల్ శాంపిల్ సర్వే మొదలైంది. ఆయన 1972 జూన్ 28న, 79వ పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు కన్నుమూశారు.

ఈ నెల మీ పిల్లలతో ఒక పని చేయండి. మీ వీధి బొమ్మ గీసి, ఏ ఇంటి బోరు ఎన్ని అడుగులో రాయించండి. తర్వాత ఆ అంకెలు చీటీల మీద రాసి, కలిపి, ఇళ్లకు మళ్లీ పంచండి. నాలుగైదుసార్లు పంచి చూడండి. చీటీల బొమ్మల్లో కంటే అసలు బొమ్మలోనే పక్కిళ్ల అంకెలు దగ్గరగా ఉంటే, నేల కింద ఏదో సంబంధం ఉన్నట్టే.

ఇంకో మాట. ఒకే వీధిలోని ఐదుగురు చెప్పారని స్కూలు గురించో, పిల్లల గురించో ఒక నిర్ణయానికి వచ్చేముందు, దూరంగా ఉన్న ఇంకొకరినీ అడగండి.