గణనయంత్ర ద్రష్ట చార్లెస్ బాబేజి

క్లిష్టమైన లెక్కలకు ముద్రిత పట్టికలే శరణ్యమైన కాలమొకటి యుండెను. నావికులు నడిసముద్రమున తమ నౌక యున్న స్థానమును నిర్ణయించుటకును, ఖగోళ శాస్త్రజ్ఞులు గ్రహగతులను గణించుటకును సంవర్గమాన పట్టికలను ఆశ్రయించెడివారు. వానిని మనుష్యులే లెక్కించి, మనుష్యులే అంకెలు కూర్చి అచ్చువేయుటచే తప్పులు దొరలుచుండెడివి. ఈ తప్పులను సమూలముగ తొలగింపదలచి జీవితమును ధారపోసిన ఆంగ్ల గణితవేత్త చార్లెస్ బాబేజి.

బాబేజి 1791 డిసెంబరు 26వ తేదీన లండనులో జన్మించెను. తండ్రి ధనికుడైన బ్యాంకు వ్యాపారి. కేంబ్రిడ్జిలో చదువుచుండగనే, 1812లో జాన్ హెర్షెల్, జార్జి పీకాక్ అను మిత్రులతో కలసి, ఐరోపా ఖండపు కలనగణిత పద్ధతిని ఇంగ్లండున ప్రవేశపెట్టుటకై ఒక సంఘమును స్థాపించెను. ఒకప్పుడు న్యూటన్ అలంకరించిన కేంబ్రిడ్జి గణితాచార్య పీఠమును 1828 నుండి 1839 వరకు అధిష్ఠించెను.

1822లో ఆయన ఒక చిన్న నమూనా యంత్రమును సిద్ధపరచెను. దాని కీలకము విద్యార్థులకును సుగ్రాహ్యము. 1, 4, 9, 16, 25 అను వర్గములను తీసికొనుడు. వాని భేదములు 3, 5, 7, 9. ఈ భేదముల నడుమ భేదము ఎల్లప్పుడును 2. కావున 9కి 2 చేర్చిన 11. 25కు 11 చేర్చిన 36. గుణకారముతో పనిలేక, కూడికచేతనే తరువాతి వర్గము లభించినది. కూడికను పండ్లచక్రములు చేయగలవు. ఫలితములను యంత్రమే అచ్చునకు ఎక్కించినచో మానవుని పొరపాటునకు తావుండదు. ఇదియే భేదయంత్రము.

1823లో ప్రభుత్వము ధనసహాయమునకు అంగీకరించెను. కాని అడుగడుగున ఆటంకములే. 1827లో తండ్రియు, భార్యయు, కుమారుడును మరణించిరి. 1833లో యంత్రశిల్పి జోసెఫ్ క్లెమెంటుతో చెల్లింపుల విషయమై వివాదమేర్పడి పని నిలిచిపోయెను.

1834లో ఆయనకు మరింత గొప్ప ఊహ తోచెను. అది విశ్లేషణ యంత్రము. అందు సంఖ్యలను నిలువచేయు భాగమొకటి, లెక్కచేయు భాగమొకటి. ఏ లెక్క చేయవలెనో ఆదేశించుటకు, పట్టువస్త్రములపై చిత్రములు నేయు జకార్డు మగ్గములలో వలె చిల్లుల అట్టలు. 1843లో అడా లవ్‌లేస్ ఈ యంత్రముపై ప్రకటించిన వివరణలలో, బెర్నూలీ సంఖ్యలను దానిచే రాబట్టు క్రమమును పొందుపరచెను. నేటి కంప్యూటరు స్వరూపము అప్పుడే కాగితముపై రూపుదాల్చినది.

అయితే కొత్త ఊహయే పాతపనికి శత్రువయ్యెను. మొదటి యంత్రము ముగియకమునుపే రెండవదానిని గూర్చి ప్రస్తావించుటతో పాలకులకు నమ్మకము సడలెను. 17,000 పౌనులకు పైగా వ్యయమైన పిదప 1842లో ప్రభుత్వము ఆ పనిని విడిచిపెట్టెను. 1871 అక్టోబరు 18న బాబేజి కన్నుమూయునాటికి, ఆయన తలపెట్టిన మహాయంత్రములలో ఒక్కటియు పూర్తికాలేదు.

1847, 1849 సంవత్సరముల నడుమ ఆయన రచించిన రెండవ భేదయంత్రపు పటములు మాత్రము మిగిలినవి. వానిని అనుసరించి లండను సైన్స్ మ్యూజియమువారు ఆయన ద్విశత జయంతి సంవత్సరమైన 1991లో గణనభాగమును, 2002లో ముద్రణభాగమును పూర్తిచేసిరి. ఆయన కాలమున సాధ్యమైన సూక్ష్మతతోనే భాగములను తయారుచేసిరి. యంత్రము 31 అంకెల ఫలితములను సక్రమముగ నిచ్చెను.

చేపట్టిన పనిని ముగించు ఓర్పును, సహకరించువారిని నిలుపుకొను నేర్పును కొరవడుటచే బాబేజికి తన కృషిఫలము కన్నులార చూచు భాగ్యము కలుగలేదు. కాని తన ఊహను పటములుగ లిఖించి భద్రపరచుటచే, నూటయిరువది సంవత్సరముల పిమ్మటనైనను అది సత్యమని రుజువయ్యెను.