గొరగనమూడి నుంచి ప్రాగ్ దాకా: అణుశాస్త్రవేత్త స్వామి జ్ఞానానంద

ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కళాశాలలో ఆంగ్లం. విరుదునగరం నుంచి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టి వరకు పరచుకున్న నల్లరేగడి పల్లెలలోని తెలుగు కుటుంబాలకు ఇది తరతరాలుగా అలవాటైన జీవనం. ఆ ఇళ్లలో భౌతికశాస్త్రం చదివిన పిల్లవాడు విదేశానికి వెళ్లి ఎం.ఎస్. చేస్తానని అడిగినపుడు పెద్దలకు మూడు సందేహాలు కలుగుతాయి. తెలియని భాషలో ఎలా చదువుతాడు? చదువు ముగిసేసరికి వయసు మీరిపోదా? వెళ్లినవాడు తిరిగి వస్తాడా? సరిహద్దు పల్లెలన్నింటా వినిపించే ఈ మూడు సందేహాలకూ ఒక తెలుగు సన్యాసి జీవితం సమాధానంగా నిలుస్తుంది. ఆయనే స్వామి జ్ఞానానంద.

బాల్యం, వైరాగ్యం

స్వామి జ్ఞానానంద పూర్వాశ్రమ నామం భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896 డిసెంబరు 5న పశ్చిమ గోదావరి ప్రాంతంలో, భీమవరానికి సమీపాన గల గొరగనమూడి గ్రామంలో జన్మించారు. తండ్రి రామరాజు వేదవాఙ్మయం చదివినవారు. ఇంట పుస్తకాలకు కొదవ లేదు. నర్సాపురంలోని టేలర్ ఉన్నత పాఠశాలలో ఆయన విద్యాభ్యాసం సాగింది. విరుదునగరం జిల్లా రాజపాళయంలో శతాబ్దాల కిందట స్థిరపడి, నేటికీ ఇళ్లలో తెలుగే మాట్లాడుకునే రాజుల కుటుంబాల వారిది, ఈ గోదావరి రాజులది ఒకే కులం.

యౌవనంలోనే ఆయన మనసు వైరాగ్యం వైపు మొగ్గింది. ఇల్లు విడిచి ఉత్తరాదికి పయనమయ్యారు. హిమాలయ ప్రాంతాలలో కొన్నేళ్లు యోగసాధన చేసి సన్యాసాశ్రమం స్వీకరించారు. ఆయన జీవితం అక్కడితో ఒక ఆశ్రమంలో స్థిరపడి ఉంటే ఎవరూ ఆశ్చర్యపోయేవారు కారు.

ముప్పై ఏళ్లకు మళ్లీ విద్యార్థి

1927లో స్వామి జర్మనీకి వెళ్లారు. వెళ్లింది చదువు కోసం కాదు. యోగం గురించి, భారతీయ తత్త్వచింతన గురించి చెప్పడానికి, తన ఆధ్యాత్మిక రచనలను ప్రచురించడానికి వెళ్లారు. అక్కడి నగరాలలో అనేక ఉపన్యాసాలు ఇచ్చారు. ఆనాటి జర్మనీ భౌతికశాస్త్రానికి పుట్టినిల్లు వంటిది. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం గురించి పండితులే కాక సామాన్యులు సైతం చర్చించుకునే రోజులవి. ఆ సిద్ధాంతం స్వామిని ఆకర్షించింది. దానిని అర్థం చేసుకోవాలంటే గణితం కావాలి, భౌతికశాస్త్రం కావాలి. గురుస్థానంలో నిలబడి ఉపన్యసించిన మనిషి డ్రెస్డెన్‌లో శిష్యుడై ఆ రెండు శాస్త్రాలనూ మొదటి నుంచి అభ్యసించారు. అప్పటికి ఆయన వయసు ముప్పై దాటింది. తోటి విద్యార్థులలో అధికులు ఆయనకంటే పదేళ్లు చిన్నవారై ఉంటారు.

ప్రాగ్ ప్రయోగశాలలో

తరువాతి మజిలీ చెకొస్లొవేకియా రాజధాని ప్రాగ్. అక్కడి చార్లెస్ విశ్వవిద్యాలయం 1348లో స్థాపితమైనది. ఎక్స్-కిరణాల వర్ణపట పరిశోధనలో పేరుగాంచిన ఆచార్య వాత్స్లావ్ డొలేషెక్ అక్కడ పని చేస్తుండేవారు. స్వామి ఆయన వద్ద చేరారు. సిద్ధాంతం వైపు నుంచి ప్రయోగం వైపు మళ్లింది ఇక్కడే.

ఆ పని ఏమిటో స్థూలంగా తెలుసుకోవచ్చు. ప్రతి మూలకమూ తనకే ప్రత్యేకమైన తరంగదైర్ఘ్యాలతో ఎక్స్-కిరణాలను వెలువరిస్తుంది. మనిషికి వేలిముద్ర ఎటువంటిదో మూలకానికి ఆ కిరణాలు అటువంటివి. వాటిని ఒక స్ఫటికం మీద పడనిస్తే, తరంగదైర్ఘ్యాన్ని బట్టి వేర్వేరు కోణాలలో మళ్లి ఫోటో పలకపై సన్నని గీతలుగా నమోదవుతాయి. ఆ గీతల మధ్య దూరాన్ని ఎంత కచ్చితంగా కొలవగలిగితే పరమాణువు లోపలి నిర్మాణం అంత స్పష్టంగా తెలుస్తుంది. స్ఫటికాన్ని ఏమాత్రం తప్పు కోణంలో నిలిపినా రోజుల శ్రమ వృథా. స్వామి ఈ కొలతలలోని కచ్చితత్వాన్ని పెంచే పద్ధతులను రూపొందించారు. ఆ కృషికి చార్లెస్ విశ్వవిద్యాలయం డాక్టరేట్ పట్టాను ప్రదానం చేసింది.

ఆ ప్రయోగశాల చరిత్ర తరువాత విషాదంగా మారింది. 1939 మార్చిలో హిట్లర్ సేనలు ప్రాగ్‌ను ఆక్రమించాయి. ఆ ఏడాది నవంబరులో చెక్ విశ్వవిద్యాలయాలన్నింటినీ మూసివేశాయి. ఆచార్య డొలేషెక్ నాజీల చెరలో పడి 1945 జనవరిలో తెరెజీన్‌లో మరణించారు. అప్పటికి చాలాకాలం ముందే శిష్యుడు ఆ దేశం విడిచి వెళ్లారు.

లివర్‌పూల్, మిషిగన్

ప్రాగ్ నుంచి స్వామి ఇంగ్లండు చేరారు. 1932లో న్యూట్రాన్‌ను కనుగొని, 1935లో నోబెల్ బహుమతి పొందిన జేమ్స్ చాడ్విక్ అదే ఏడాది లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి ఆచార్యులుగా వచ్చారు. స్వామి ఆయన విభాగంలో బీటా కిరణాలపై పరిశోధన సాగించారు. రేడియోధార్మిక పదార్థం నుంచి వెలువడే ఎలక్ట్రాన్లే బీటా కిరణాలు. అయస్కాంత క్షేత్రంలో అవి వంగి ప్రయాణిస్తాయి. వేగం ఎక్కువైన కొద్దీ వంపు తక్కువ. ఆ వంపును కొలిచి వాటి శక్తిని నిర్ధారించే యంత్రం బీటా వర్ణపటదర్శిని. పరమాణువు వెలుపలి పొరల నుంచి దాని కేంద్రకం వరకు స్వామి చదువు ఇలా సాగింది.

రెండవ ప్రపంచ యుద్ధం ఐరోపాను చుట్టుముట్టిన కాలంలో ఆయన అమెరికా వెళ్లి మిషిగన్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ రేడియోధార్మిక ఐసోటోపులపై పరిశోధన చేశారు. అప్పటికి ఆయన వయసు నలభై దాటింది. ఒకసారి డాక్టరేట్ పొందినవారు మరొక దేశంలో మళ్లీ కొత్త విషయం నేర్వడానికి చిన్నతనంగా భావించకపోవడం గమనించదగిన విషయం.

ఇన్ని ప్రయోగశాలలలో ఆయనకు నిత్యం ఎదురైన సమస్య ఒకటుంది. అది గాలి. పరికరం లోపల గాలి మిగిలి ఉంటే ఎలక్ట్రాన్లు దాని అణువులకు తగిలి దారి తప్పుతాయి. అందుకే పంపులతో ఆ గాలిని తోడివేసి దాదాపు శూన్యం చేయాలి. ఎక్కడ సన్నని సందు ఉన్నా మళ్లీ గాలి చొరబడుతుంది. ఈ విద్యలో తాను గడించిన అనుభవాన్ని స్వామి హై వాక్యువా అనే ఆంగ్ల గ్రంథంగా రచించారు. అది 1947లో న్యూయార్కులో ప్రచురితమైంది.

స్వదేశంలో

అదే సంవత్సరం, ఇరవై ఏళ్ల ప్రవాసం తరువాత, స్వామి భారతదేశానికి తిరిగి వచ్చారు. దిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో చేరారు. దానికి తొలి సంచాలకులు కె.ఎస్. కృష్ణన్. ఆయన 1898లో నేటి విరుదునగరం జిల్లా వత్తిరాయిరుప్పులో పుట్టి, శ్రీవిల్లిపుత్తూరులో చదివి, 1928 నాటి రామన్ ఫలిత పరిశోధనలో సి.వి. రామన్‌కు కుడిభుజంగా నిలిచిన తమిళ శాస్త్రవేత్త. విదేశీ విశ్వవిద్యాలయంలో విద్యార్థి కాకుండానే ప్రపంచ ఖ్యాతి పొందినవారు ఆయన. మూడు విదేశీ విశ్వవిద్యాలయాలలో శిక్షణ పొందినవారు స్వామి. గోదావరి తెలుగువారు, విరుదునగరం తమిళులు ఒకే ప్రయోగశాలలో దేశం కోసం పని చేశారు.

1954లో స్వామి విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. వి.ఎస్. కృష్ణ ఉపాధ్యక్షులుగా ఉన్న కాలమది. 1956లో అణుభౌతికశాస్త్ర విభాగానికి ఆచార్యులుగా, అధిపతిగా బాధ్యతలు చేపట్టారు. అణుభౌతికం నేర్వాలంటే సముద్రాలు దాటవలసిన రోజులలో తెలుగు విద్యార్థికి ఆ విద్యను ఇంటి ముంగిటికి తెచ్చారు. 1965లో పదవీ విరమణ చేశారు. 1969 సెప్టెంబరు 21న పరమపదించారు. విశ్వవిద్యాలయంలోని అణు పరిశోధనశాలలకు ఆయన పేరు పెట్టారు.

నేటి విద్యార్థికి

నేడు జర్మనీలో భౌతికశాస్త్రంలో ఎం.ఎస్. సాధారణంగా రెండేళ్లు. అందులో రెండవ ఏడాది చాలావరకు ప్రయోగశాలలో పరిశోధనకే పోతుంది. అంటే స్వామి నడిచిన దారికి నేటి చదువు దూరమైనదేమీ కాదు. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో చాలావాటిలో బోధన రుసుము లేదు. కొన్నింటిలో విదేశీ విద్యార్థుల నుంచి వసూలు చేస్తున్నారు. నివాస ఖర్చులకు మాత్రం ముందుగానే సొమ్ము చూపవలసి ఉంటుంది. కనుక ఇంట్లో లెక్క వేసుకున్నాకే అడుగు వేయడం మంచిది.

ఇక ఆ మూడు సందేహాలు. గోదావరి పల్లెలో తెలుగు మాట్లాడుతూ పెరిగినవారు జర్మన్ల నడుమ, చెక్‌ల నడుమ శాస్త్రం నేర్చారు. రెండు భాషల మధ్య పెరిగిన పిల్లలకు మూడవ భాష అడ్డంకి కానవసరం లేదు. ముప్పై దాటాక మొదలుపెట్టిన చదువు నలభై దాటాక కూడా సాగింది. వెళ్లినవారు తిరిగి రావడం ఒక్కటే ఎవరూ ముందుగా హామీ ఇవ్వలేని విషయం. స్వామి తిరిగి రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. వచ్చినపుడు మాత్రం వట్టి చేతులతో రాలేదు. తాను నేర్చినదంతా తెచ్చి తెలుగు నేలపై ఒక విద్యాశాఖగా నిలిపారు.