పల్లె పలుకుకు పట్టం కట్టిన ఉన్నవ

పాఠ్యభాగ నేపథ్యం

మన భాష ఒక్కటే అయినా దానిని పలికే తీరులు అనేకం. ప్రాంతాన్ని బట్టి, వృత్తిని బట్టి, చదువును బట్టి మాట మారుతుంది. ఈ వైవిధ్యాన్ని కొందరు భాషా సంపదగా భావిస్తే, మరికొందరు భాషా దోషంగా పరిగణించారు. నిరక్షరాస్యుడైన వ్యవసాయ కూలీ పలికే తెలుగు అచ్చు పుస్తకానికి అర్హమేనని తన నవల ద్వారా నిరూపించిన మహనీయుడు ఉన్నవ లక్ష్మీనారాయణ. పల్నాటి రైతుల కోసం కారాగారవాసం స్వీకరించిన ఆ దేశభక్తుని జీవితం, ఆయన భాషాదృష్టి ఈ పాఠ్యభాగంలోని ప్రధాన విషయాలు.

పాఠ్యభాగం

తెలుగునాట ఒక ప్రాంతం నుండి మరొక ప్రాంతానికి ప్రయాణించే వ్యక్తికి మొదట తెలిసే మార్పు చెవికే తెలుస్తుంది. శ్రీకాకుళంలో 'ఏటి' అని వినిపించిన ప్రశ్న గోదావరి తీరంలో 'ఏంటి' అవుతుంది. పల్నాటికి వచ్చేసరికి 'ఏంది' అవుతుంది. 'ఎలా' అన్న మాట తెలంగాణలో 'ఎట్ల'గా, మాచర్ల, గురజాల పల్లెల్లో 'ఎట్టా'గా వినవస్తుంది. అడిగేది ఒకే ప్రశ్న, అర్థం ఒక్కటే. అయినా ఒక పలుకుబడికి గౌరవం, మరొక పలుకుబడికి పరిహాసం లభించడం మన సమాజంలో చిరకాలంగా ఉన్నదే. మాటను బట్టి మనిషిని తూచే ఈ అలవాటు వెనుక భాషకు సంబంధించిన కారణాల కంటే సమాజానికి సంబంధించిన కారణాలే అధికం. ఈ సత్యాన్ని గ్రహించి, తన రచనలో అట్టడుగు వారి మాటకు స్థానం కల్పించిన వారిలో ఉన్నవ లక్ష్మీనారాయణ అగ్రగణ్యులు.

ఉన్నవ 1877 డిసెంబరు 4వ తేదీన అప్పటి సత్తెనపల్లి తాలూకాలోని వేములూరుపాడు గ్రామంలో జన్మించారు. తల్లిదండ్రులు శేషమ్మ, శ్రీరాములు. గుంటూరులో ఎఫ్.ఏ. పూర్తి చేసి, రాజమండ్రిలో ఉపాధ్యాయ శిక్షణ పొందారు. కొంతకాలం ఉపాధ్యాయులుగా పనిచేసిన పిమ్మట న్యాయవాద వృత్తిని చేపట్టారు. తరువాత బారిష్టరు చదువు కోసం ఐర్లండు వెళ్ళారు. పరాయి పాలనకు వ్యతిరేకంగా ఐరిష్ ప్రజలు పోరాడుతున్న కాలమది. తమ దేశాన్నీ, తమ భాషనూ నిలబెట్టుకోవాలన్న తపన అక్కడి ఉద్యమంలో కలగలిసి ఉండేది. ఆ వాతావరణం ఆయన ఆలోచనలకు పదును పెట్టింది.

వీరేశలింగం పంతులు అడుగుజాడల్లో నడచిన సంస్కర్త ఉన్నవ. 1902లో గుంటూరులో వితంతు శరణాలయాన్ని నెలకొల్పి వితంతు వివాహాలకు తోడ్పడ్డారు. సహధర్మచారిణి లక్ష్మీబాయమ్మ ఆయన కార్యక్రమాలన్నింటిలోను పాలుపంచుకున్నారు. 1922లో ఆ దంపతులు గుంటూరులో స్థాపించిన శారదా నికేతనం స్త్రీ విద్యకు ఆలవాలమై నిలిచింది.

ఉన్నవ ప్రజాజీవితంలోకి ప్రవేశించిన కాలం భాషా వివాదాలతో అట్టుడికిన కాలం కూడా. చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణం ప్రామాణికంగా, పాఠశాలలో విద్యార్థులు గ్రాంథిక భాషలోనే వ్రాయవలసి ఉండేది. ఇంట మాట్లాడే తెలుగు వేరు, బడిలో వ్రాసే తెలుగు వేరు. ఈ అంతరం విద్యావ్యాప్తికి అవరోధమని గిడుగు వేంకట రామమూర్తి పంతులు ఎలుగెత్తి చాటారు. విజయనగర ప్రాంతపు పలుకుబడితో గురజాడ అప్పారావు రచించిన కన్యాశుల్కం అప్పటికే నాటకరంగాన సజీవ భాష శక్తిని నిరూపించింది. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు జయంతి రామయ్య పంతులు నాయకత్వంలో గ్రాంథిక పక్షాన నిలిచింది. ఇరుపక్షాల వారూ పండితులే, ఇరుపక్షాల వారిదీ భాషాభిమానమే. అయితే, వ్యావహారికం అన్నప్పుడు ఎవరి వ్యవహారం అన్న ప్రశ్న మిగిలే ఉంది. గిడుగు ప్రధానంగా కోరినది శిష్టుల వ్యవహారాన్ని. పొలం గట్టు మీది మాట, మాలపల్లెలోని మాట సాహిత్యంలో ఎంతవరకు చోటు పొందగలదన్నది అప్పటికి తేలలేదు.

ఇటువంటి సమయంలో ఉన్నవ జీవితాన్ని మలుపు త్రిప్పిన సంఘటన పల్నాటిలో జరిగింది. నల్లమల అడవులను ఆనుకొని ఉన్న ఆ సీమలో పశుపోషణ రైతుకు జీవనాధారం. పశువులను అడవిలో మేపుకొన్నందుకు ప్రభుత్వం వసూలు చేసే పన్నును పుల్లరి అనేవారు. అటవీ శాఖ ఆంక్షలు, పుల్లరి భారం భరింపరానివి కావడంతో 1921లో పల్నాటి ప్రజలు ప్రతిఘటించారు. పుల్లరి చెల్లించకుండానే పశువులను అడవికి తోలారు. ప్రభుత్వోద్యోగులను సాంఘికంగా బహిష్కరించి, చాకలి, మంగలి మొదలైన వారి సేవలు వారికి అందకుండా చేశారు. పరిస్థితిని స్వయంగా తెలుసుకొనడానికి కాంగ్రెసు పక్షాన ఉన్నవ, మాడభూషి వేదాంతం నరసింహాచార్యులు పల్నాడు వెళ్ళారు. ప్రభుత్వం వారిని నిర్బంధించి కారాగారానికి పంపింది. అయినా ఉద్యమం ఆగలేదు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో ఉద్యమ నాయకుడు కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులకు బలి అయ్యాడు.

రాయవేలూరు కారాగారంలో ఉన్న రోజులలోనే ఉన్నవ మాలపల్లి నవలను రచించారు. సంగవిజయం అన్నది దీనికి మరొక పేరు. మంగళాపురం అనే గ్రామం కథారంగం. రామదాసు అనే దళిత రైతు కుటుంబం కథకు కేంద్రం. ఆయన కుమారుడు సంగదాసు చౌదరయ్య ఇంట పనిచేస్తూ, కూలీలను సంఘటితపరచి, ఆ చౌదరయ్య చేతిలోనే ప్రాణాలు కోల్పోతాడు. మరొక కుమారుడు వెంకటదాసు అన్యాయాన్ని సహింపలేక తిరుగుబాటు మార్గం పడతాడు. చౌదరయ్య ఇంటి వాడైన రామానాయుడు సంగదాసుకు ప్రాణస్నేహితుడు. గాంధీజీ ప్రబోధించిన అస్పృశ్యతా నివారణ, 1917 నాటి రష్యా విప్లవం రేకెత్తించిన సమతాభావం ఈ నవలలో కలిసి ప్రవహిస్తాయి. దళిత కుటుంబాన్ని కథా నాయకత్వ స్థానంలో నిలిపిన తొలి తెలుగు నవలలలో ఇది ప్రముఖమైనది.

ఇంతటి వస్తువును ఏ భాషలో చెప్పాలి? కూలి గింజల కోసం వాదించే పాలేరు నోట గ్రాంథిక క్రియాపదాలు పెడితే ఆ వాదన నిర్జీవమవుతుంది. ఉన్నవ గుంటూరు ప్రాంతపు వాడుక భాషను స్వీకరించారు. పాత్రల స్థాయిని, సందర్భాన్ని బట్టి మాటతీరును మార్చారు. రైతు మాటలో సేద్యపు పదజాలం, ఇల్లాలి మాటలో సామెతలు, ఆంగ్లవిద్య నేర్చిన వాని మాటలో నాగరిక ధోరణి సహజంగా ఒదిగిపోయాయి. అదే సమయంలో వేదాంత విషయాలు చర్చకు వచ్చినప్పుడు సంస్కృత పదాలను విడిచిపెట్టలేదు. పల్లెలో తత్త్వాలు పాడుకొనే రామదాసు వంటి వారికి ఆ పదాలు పరాయివి కావు. చరమగీతం, సమతాధర్మం వంటి గేయాలు కూడా నవలలో చేరి జానపదుల లయను పాఠకునికి వినిపిస్తాయి. దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఈ నవలకు పీఠిక వ్రాసి దాని తెలుగుదనాన్ని కొనియాడారు.

ఇక్కడ మనం ఒక శాస్త్ర విషయాన్ని గమనించాలి. 'వచ్చుచున్నాడు' అన్నది గ్రాంథికం. 'వస్తున్నాడు' అన్నది శిష్టవ్యావహారికం. పల్లెల్లో శ్రమజీవుల నోట అదే 'వత్తన్నాడు' అవుతుంది. దీనిని అపభ్రంశమని తేలికగా కొట్టివేయడం పరిపాటి. కాని, ఇందులో సకారం తన ప్రక్కనున్న తకారంలో లీనమై ద్విత్వంగా మారింది. సంస్కృతంలోని 'హస్త' శబ్దం ప్రాకృతంలో 'హత్థ' అయినదీ ఇటువంటి మార్పు వల్లనే. అదేవిధంగా 'ఎట్లా' అన్న మాట 'ఎట్టా' కావడం కూడా ఒక వర్ణం ప్రక్క వర్ణంగా మారడమే. ప్రాకృతంలో జరిగితే పరిణామం, పల్లెలో జరిగితే తప్పు అనడం న్యాయం కాదు. పల్లె పలుకులో నియమం లేకపోలేదు. ఆ నియమాన్ని వ్రాసిపెట్టిన వారు లేకపోయారు, అంతే.

ఈ లోపాన్ని తీర్చే కృషి తరువాతి కాలంలో జరిగింది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశాన్ని ప్రచురించింది. పరిశోధకులు రైతుల వద్దకు వెళ్ళి, వారు వాడే మాటలను వారి నోటనే విని నమోదు చేశారు. ఈ పరిశోధన ఫలితంగా తెలుగునాడును తూర్పు, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలుగా విభజించి చూడడం సాధ్యమయింది. గుంటూరు సీమ మధ్య మండలంలో చేరుతుంది. శాస్త్రం నమోదు చేయడానికి నాలుగు దశాబ్దాల ముందే ఆ ప్రాంతపు జీవద్భాషను ఉన్నవ నవలలో నిక్షిప్తం చేశారు.

పల్నాటితో ఉన్నవ అనుబంధం సత్యాగ్రహంతో ముగియలేదు. 1926లో ఆయన నాగమ్మను కేంద్రంగా చేసుకొని నాయకురాలు అనే నాటకాన్ని వెలువరించారు. పల్నాటి వీరగాథ పండితుల గ్రంథాలలో కంటే ప్రజల గళాలలో ఎక్కువగా బ్రతికింది. శ్రీనాథుని పేరిట ప్రసిద్ధమైన ద్విపద కావ్యం ఒకవైపు ఉండగా, కారెంపూడిలో ఏటా కార్తికమాసంలో జరిగే వీరారాధన ఉత్సవాలలో వీరవిద్యావంతులు ఆ కథను తరతరాలుగా గానం చేస్తున్నారు. కులభేదం లేకుండా అందరినీ ఒక్క పంక్తిన కూర్చోబెట్టిన బ్రహ్మనాయుని చాపకూడు, మాల కులస్థుడైన కన్నమదాసు వీరత్వం ఆ గాథలోనివే. సమతను ఆకాంక్షించిన రచయితకు ఆ నేల మీద మక్కువ కలగడం సహజం.

ప్రజల భాషలో ప్రజల బాధ చెప్పిన పుస్తకాన్ని పాలకులు సహింపలేదు. 1923లో మద్రాసు ప్రభుత్వం మాలపల్లిని నిషేధించింది. 1928లో కొన్ని మార్పులతో ప్రచురణకు అనుమతి లభించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం దానిని పాఠ్యగ్రంథంగా నిర్ణయించిన తరువాత 1936లో మరల నిషేధానికి గురయింది. విద్యార్థుల చేతికి చేరవలసిన పుస్తకం చేరకుండా ఆగిపోయింది. 1937లో రాజాజీ నాయకత్వాన ఏర్పడిన కాంగ్రెసు ప్రభుత్వం ఆ నిషేధాన్ని తొలగించింది. కఠిన గ్రాంథికంలో వ్రాసి ఉంటే ఆ నవల కొద్దిమంది పండితులకే పరిమితమయ్యేది. చదివి వినిపిస్తే అక్షరం రాని వానికి కూడా అర్థమయ్యే భాషలో ఉండడం దాని బలం. పాలకుల భయానికి అదీ ఒక కారణమని భావించవచ్చు.

ఉన్నవ లక్ష్మీనారాయణ 1958 సెప్టెంబరు 25న కన్నుమూశారు. న్యాయవాదిగా, సంస్కర్తగా, స్వాతంత్ర్య సమరయోధునిగా, రచయితగా ఆయన నడచిన దారులు వేరైనా గమ్యం ఒక్కటే. మాట్లాడే అవకాశం లేని వారికి మాట కల్పించడమే ఆ గమ్యం.

2022లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. ఆ జిల్లా పల్లెల నుండి పై చదువులకు నగరం చేరిన విద్యార్థి తన యాసను విని ఇతరులు నవ్వుతారేమోనని నోరు విప్పడానికి సంకోచించే సందర్భాలు నేటికీ ఉన్నాయి. సభలో, పరీక్షలో, కార్యాలయంలో అందరికీ తెలిసే ప్రమాణ భాష అవసరమే. దానిని నేర్చుకొని తీరాలి. అయితే, దానిని నేర్చుకోవడానికి తల్లి నేర్పిన పలుకును చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. ప్రమాణ భాష పది ప్రాంతాల వారిని కలుపుతుంది; ఇంటి పలుకు మనిషిని అతని నేలతో కలుపుతుంది. ఎదుటివాని యాసను విని నవ్వే ముందు, ఆ యాసలో అతడు ఏం చెబుతున్నాడో వినడం సంస్కారం. మాలపల్లి చదివినవారికి అలవడవలసిన మొదటి గుణం అదే.

కఠిన పదాలు – అర్థాలు

అగ్రగణ్యులు = మొదట లెక్కింపదగినవారు
ఆలవాలము = పాదు, నిలయం
అవరోధము = అడ్డంకి
శిష్టులు = చదువు, సంస్కారం కలవారు
అపభ్రంశము = చెడిన రూపం
ద్విత్వము = ఒక హల్లుకు అదే హల్లు వత్తుగా చేరడం
నిక్షిప్తము = భద్రంగా ఉంచబడినది

ప్రశ్నలు

1. పుల్లరి సత్యాగ్రహంలో ఉన్నవ పాత్రను వివరించండి.
2. మాలపల్లి నవలలోని భాషా విశేషాలను తెలపండి.
3. 'పల్లె పలుకులో నియమం లేకపోలేదు' అన్న అభిప్రాయాన్ని ఉదాహరణలతో సమర్థించండి.
4. మాలపల్లి నవల ఎదుర్కొన్న నిషేధాలను కాలక్రమంలో వ్రాయండి.
5. మీ ప్రాంతంలో పెద్దలు వాడే 10 మాటలను సేకరించి, వాటికి ప్రమాణ భాషలోని రూపాలను వ్రాయండి.